పదిహేనో పేరు

మా బీకాం బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్న ఏడింటికల్లా గులాబీలు, సూర్యోదయాలు వచ్చిపడతాయి. ఎవరు పంపుతారో నేను చూడను. కిందటి నెలలో ఒక ఆదివారం మాత్రం ఆ గులాబీల కింద సార్ ఫొటో వచ్చింది. ఫేర్‌వెల్ రోజు తీసిన గ్రూపు ఫొటోలోంచి ఆయన ముఖం ఒక్కటే కత్తిరించి, చుట్టూ పూలదండ బొమ్మ అతికించారు. తొందరలో కత్తిరించినట్టున్నారు, భుజం మీద ఇంకెవరిదో చెయ్యి మిగిలిపోయింది. ఆ చెయ్యి మాలో ఎవరిదా అని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. సార్ చనిపోయారన్న సంగతి ఆ తర్వాత తలకెక్కింది.

ఇక మొదలైంది. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. ఒకడు 'గొప్ప గురువు, చాలా స్ట్రిక్టు' అని రాశాడు. ఆయన స్ట్రిక్టేంటి, వాడి మొహం! క్లాసు అయ్యాక సుద్దముక్క చొక్కా జేబులో వేసుకుంటూ రోజూ "విసిగించానా అమ్మా?" అని అడిగిన మనిషాయన. వాడు క్లాసుకి వస్తే కదా తెలిసేది. ఆ మాటే రాద్దామని టైపు చేసి, మళ్ళీ చెరిపేశాను. నేను మాత్రం ఏం ఉద్ధరించానని? ఆయనతో నేను చెప్పినన్ని అబద్ధాలు మా బ్యాచ్‌లో ఇంకెవరూ చెప్పి ఉండరు.

బందరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆయన మాకు అకౌంట్స్ చెప్పేవారు. మేడ మీద చిన్న ఎంకాం సెక్షను ఉండేది, దాన్ని నడిపేదీ ఆయనే. పొడుగ్గా, కాస్త వంగి నడిచే మనిషి. హెల్మెట్‌ని ఎక్కడ పెట్టాలో తెలియక క్లాసులోకి తెచ్చి బల్ల మీద పెట్టి, దాని పక్కన నిలబడి పాఠం చెప్పేవారు. బండిని సైడ్ స్టాండ్ మీద వదలగా ఎవరూ చూడలేదు. అరనిమిషం పనికైనా సరే, రొప్పుతూ వెనక్కి లాగి సెంటర్ స్టాండ్ వేసేవారు. "పడిపోతే పాపం ఎవరి కాళ్ళ మీద పడుతుందో," అనేవారు.

బ్యాలెన్స్ షీటు రెండు వైపులా సరిపోకపోతే మేం ఎక్కడో ఒకచోట అంకె దిద్ది సరిపెట్టేవాళ్ళం. ఆయన పుస్తకం చేతిలోకి తీసుకుని ఇట్టే పట్టేసేవారు. "ఇక్కడ దిద్దావు కదమ్మా? నిజం లెక్క ఇంత నున్నగా రాదు," అనేవారు. మళ్ళీ ఆయనే, "తేడా పెద్దదైతే భయం లేదు, ఎక్కడో దొరుకుతుంది. చిన్న తేడాకి భయపడండి," అని ఓదార్చేవారు. తిట్టేవారు కాదు. ఆయనతో మాకున్న ఇబ్బందల్లా అదే. తిట్టేస్తే దులుపుకుని పోయేవాళ్ళం.

మూడో ఏడాది వచ్చేసరికి అందరిదీ ఒకటే గొడవ, ఎంకామా ఎంబీఏనా అని. కాలేజీ ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర ఆయన్ని చుట్టుముట్టి అడిగేవాళ్ళం. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ, ఆయన ముందు చెప్పేవారు కాదు, తిరిగి అడిగేవారు. "దారిలో కొత్త మనిషి ఎదురైతే నీకేమనిపిస్తుంది? పలకరించాలనా, పక్కకి తప్పుకోవాలనా?" పలకరించాలి అన్నవాళ్ళని ఎంబీఏ చెయ్యమనేవారు. తప్పుకోవాలి అన్నవాళ్ళని ఎంకాం చెయ్యమనేవారు. "తప్పుకోవడం తక్కువేం కాదమ్మా. అందరూ పలకరిస్తూ ఊరంతా తిరుగుతుంటే, ఒకచోట కూర్చుని లెక్క చూసేవాడు ఒకడుండాలి," అని ఊరడింపుగా చెప్పేవారు.

నన్నడిగితే, "తప్పుకోవాలనేనండీ," అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, "అయితే నువ్వు మా మేడ మీదకే," అన్నారు. ఆ ఒక్కసారీ నేను నిజం చెప్పాను.

మా వైపు ప్రైవేటు కాలేజీల్లో పాఠం చెప్పడం సగం ఉద్యోగమే. మిగతా సగం ఎండల్లో మొదలవుతుంది. లెక్చరర్లందరికీ ఊళ్ళు పంచుతారు. పాంప్లెట్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని తమ కాలేజీలో చేర్పించాలి. మాట ఇస్తే చాలదు, పదో తరగతి దగ్గర్నుంచి ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ చేతికి తీసుకుని ఆఫీసులో జమ చెయ్యాలి. మాట ఇచ్చినవాళ్ళు రేపు మారిపోవచ్చు. ఒరిజినల్స్ ఇచ్చినవాళ్ళు ఎక్కడికి పోతారు?

ఈ పనికి సార్ కన్నా పనికిరాని మనిషి కృష్ణా జిల్లాలో ఉండి ఉండరు. ఆయనకి ఎక్కువగా దివిసీమ వైపు వేసేవారు. ఒకసారి కోడూరు దాటి ఎక్కడికో వెళ్ళి, ఒకమ్మాయిని ఎంకాంలో చేర్పిద్దామని కూర్చుని, ఆ పిల్లకి చిన్నపిల్లలంటే ప్రాణమని తెలుసుకుని, బీఈడీ ఏ కాలేజీలో బాగుంటుందో, అక్కడికి ఏ బస్సు వెళ్తుందో చెప్పి వచ్చారట. పైగా ఆ సంగతి స్టాఫ్ రూములో సంతోషంగా చెప్పుకున్నారట. మా కాలేజీ ఆయమ్మ తల కొట్టుకునేది. "తన్ను మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అన్నారు. ఈయన చేసేవి రెండూ అయ్యే," అనేది.

మా డిగ్రీ అయిన ఏడాది మేనేజ్‌మెంటు ఒక మాట తేల్చి చెప్పింది. ఎంకాంలో పదిహేనుమంది చేరకపోతే ఆ సెక్షను ఎత్తేస్తారు. ఎత్తేస్తే బీకాం పాఠాలకి తక్కువ జీతంవాళ్ళు చాలు, కాలేజీకి ఇక సార్ అక్కర్లేదు. ఆయన ఎవరికీ చెప్పలేదు గానీ ఆయమ్మ కనిపించిన వాళ్ళందరికీ చెప్పింది. "చేరండమ్మా, ఆయనకి ఎదిగొచ్చే ఆడపిల్ల ఉంది," అని బతిమాలింది. కాబట్టి నాకు తెలియదని చెప్పుకునే వీల్లేదు. అన్నీ తెలుసు.

ఫలితాలు వచ్చిన వారానికి ఆయన పెడన వచ్చారు, మా ఇంటికి. నాన్నది కలంకారీ అచ్చుపని. పొడవాటి బల్ల మీద గుడ్డ పరిచి, చెక్క అచ్చు రంగులో అద్ది, పిడికిలితో ఒక్క పోటు వేసేవాడు. సార్ గుమ్మంలోనే నిలబడి పావుగంట అది చూశారు.

"ఒక చీరకి ఎన్నిసార్లు వెయ్యాలండీ అచ్చు?"

"లెక్కెడితే చెయ్యి వణుకుద్ది మాస్టారూ. లెక్కెట్టను," అన్నాడు నాన్న. "రండి, లోపల కూర్చోండి. ఇంత ఎండన పడి వచ్చారేంటండీ."

సార్ జేబులోంచి పాంప్లెట్ తీసి, అందులో ఉన్నదంతా బడిపిల్లాడు పద్యం అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. అనుభవజ్ఞులైన అధ్యాపకులు, విశాలమైన గ్రంథాలయం. ఆ గ్రంథాలయానికి తాళం తీయగా నేను మూడేళ్ళలో చూడలేదు. అది ఆయనకీ గుర్తొచ్చినట్టుంది, ఆ మాట దగ్గర గొంతు తగ్గిపోయింది.

"అయ్యన్నీ నాకు తెలవ్వండీ. మీరు చెప్పిందే," అని నాన్న నావైపు తిరిగాడు. "ఏమ్మా, మాస్టారు నీ కోసం ఇంత దూరం వచ్చారు. నీకిష్టమేగా?"

నా ఐసెట్ ర్యాంకు కార్డు లోపలి గదిలో నా బట్టల అడుగున ఉంది. స్నేహితురాలితో కలిసి ఇంట్లో చెప్పకుండా పరీక్ష రాశాను. నాకు ఎంబీఏ కావాలి. ఎందుకో చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. మెడలో పట్టీకి వేలాడే గుర్తింపు కార్డు కావాలి నాకు. మా పక్కవీధి అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చినప్పుడల్లా, తీసెయ్యడం మర్చిపోయినట్టు ఆ కార్డుతోనే రైలు దిగేది. లెక్కలు నాకు వచ్చు, ఇష్టం కూడా. కానీ వచ్చిన పని మీద ఎవరికి మోజు?

"ఇష్టమేనండీ," అన్నాను.

నాన్న లోపలికి వెళ్ళి నా ఒరిజినల్స్ ఉన్న సంచీ తెచ్చి ఆయన చేతిలో పెట్టేశాడు. "ఇంటికన్నా గుడి పదిలం మాస్టారూ. ఈ రంగులూ నీళ్ళల్లో ఇక్కడెందుకు, మీ దగ్గరే ఉంచండి," అన్నాడు. సార్ పాంప్లెట్ వెనక్కి తిప్పారు. అక్కడ పెన్సిలుతో రాసిన పద్నాలుగు పేర్లున్నాయి. జేబులోంచి పెన్ను తీసి పదిహేనోది నా పేరు రాశారు. రెండు గ్లాసుల మజ్జిగ తాగారు. ఆ సంతోషంలో హెల్మెట్ మర్చిపోయి వెళ్ళి, వీధి చివర్నుంచి వెనక్కి వచ్చి తీసుకెళ్ళారు.

నెల తిరక్కుండా నాకు ఎంబీఏ కౌన్సెలింగు మెసేజీ వచ్చింది. ఫలానా రోజు గుడివాడలో సర్టిఫికెట్ల వెరిఫికేషను, ఒరిజినల్స్ తప్పనిసరి అని. మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు సార్‌కి ఫోన్ చేశాను.

"స్కాలర్‌షిప్ కోసం మండలాఫీసులో ఒరిజినల్స్ చూపించాలటండీ. ఒక్కరోజు ఇస్తే మళ్ళీ తెచ్చిచ్చేస్తాను."

"ఎల్లుండికేనా అమ్మా?" అన్నారు.

"అవునండీ." గుడివాడ తేదీ పేపర్లో కూడా పడిందన్న సంగతి నాకా క్షణాన తట్టలేదు.

"సరేనమ్మా."

మర్నాడు మధ్యాహ్నం వాన పడుతోంది. నాన్న అద్దిన గుడ్డలు జాడించడానికి కాలవకి వెళ్ళాడు. సార్ వచ్చి, ఆ వానలోనే బండికి సెంటర్ స్టాండ్ వేసి, అరుగు మీదకి ఎక్కారు. ఎంత రమ్మన్నా లోపలికి రాలేదు. చొక్కా లోపల దాచుకున్న ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చారు. మనిషంతా తడిసిపోయారు, కవరు మాత్రం పొడిగా, ఆయన ఒంటి వేడితో వెచ్చగా ఉంది. విప్పి చూస్తే ఒరిజినల్స్, వాటి కింద మూడు సెట్ల జిరాక్సులు. టెన్తు, ఇంటరు, డిగ్రీ, టీసీ, కులం, ఆదాయం వరసగా పెట్టి, ఏ సెట్టుకి ఆ సెట్టు పిన్ను కొట్టి ఉన్నాయి. మండలాఫీసు స్కాలర్‌షిప్పుకి టీసీ ఎందుకు?

"గుడివాడలో పొద్దున్నే క్యూ పెరిగిపోతుందమ్మా. పాసింజరుకే వెళ్ళిపో," అన్నారు. "ఫొటోలు నాలుగు పెట్టుకో. రెండు చాలంటారు గానీ, అక్కడికెళ్ళాక ఇంకో రెండు అడుగుతారు."

నేను ఏడుపు మొహంతో, "సార్, నేను..." అన్నాను.

"తప్పు నాదమ్మా. ఆ రోజు నేను ఎదురుగా కూర్చుని మీ నాన్నగారి చేత నిన్ను అడిగించాను. అలా అడిగితే ఏ పిల్లయినా కాదని ఎలా అంటుంది?"

"మీ ఎంకాం సంగతి ఏంటి సార్?"

"పద్నాలుగుమంది ఉన్నారుగా. ఒక్కళ్ళు ఎవరో దొరుకుతారు," అని బండెక్కారు. హెల్మెట్ పెట్టుకుని మళ్ళీ తీసి, "ఎవరో దయతలిచి ఇచ్చిన సీటు కాదమ్మా ఇది, నీ ర్యాంకుతో తెచ్చుకున్నది. దర్జాగా వెళ్ళు," అన్నారు.

నేను దర్జాగానే వెళ్ళాను. ఆయనకి ఆ ఒక్కళ్ళు దొరకలేదు.

ఆఫీసులో ఒకసారి జమ చేసిన ఒరిజినల్స్ బయటికి రావడం మాటలు కాదని, వాటి కోసం ఆయన ఆ సాయంత్రమూ మర్నాడు పొద్దుటా మేనేజ్‌మెంటు గది బయట నిలబడ్డారని, 'ఈ అడ్మిషను పోవడానికి బాధ్యత నాదే' అని కాగితం రాసిచ్చారని ఆ తర్వాత ఆయమ్మ చెప్పింది. ఆవిడ నన్ను తిట్టలేదు. కానీ అదివరకులా అమ్మా అని పిలవలేదు. ఎంకాం ఎత్తేశారు. సార్‌ని ఒక ఏడాది వాళ్ళదే ఇంటర్ కాలేజీలో వేసి, ఆ పై ఏడాది రావద్దన్నారు.

ఎంబీఏ అయింది. మెడలోకి కార్డూ వచ్చింది. ఇన్సూరెన్సు కంపెనీ కార్డు అది. పనేమిటంటే కొత్త మనుషుల్ని పలకరించడం. పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరి గుమ్మం ఎక్కి, నమస్కారమండీ అని పాలసీ కాగితాలు విప్పడం. ఎదురుగా మనిషి వస్తుంటే పక్కకి తప్పుకోవాలనిపించే నాకు, తొమ్మిదేళ్ళుగా అదే బతుకు. ఇప్పటికీ అలవాటు కాలేదు. ఎవరినీ అనడానికి లేదు, కావాలని తెచ్చుకున్నదే.

అయిదేళ్ళ కిందట నాగాయలంక రోడ్డులో ఒక ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను, ఓనరు చేత పాలసీ కట్టిద్దామని. రొయ్యల లారీలు బారులు తీరి ఉన్నాయి. నేలంతా చిత్తడి, యంత్రం రొదలో మాట వినపడదు. గేటు పక్క గదిలో కూర్చుని లారీలకి చీటీలు రాస్తున్న మనిషి తల పైకెత్తాడు. సారే. జుట్టంతా నెరిసింది. కాళ్ళకి రబ్బరు చెప్పులు.

"అమ్మా! నువ్వా!" అని లేచి, ఉన్న ఒక్క కుర్చీ నా వైపు జరిపారు. నా మెడలో కార్డుని చేతిలోకి తీసుకుని కళ్ళజోడు సర్దుకుని చదివారు. "ఎంబీఏ బాగుందా? సుఖంగా ఉన్నావా?"

ఏం చెప్పను? మీ కూడు పోగొట్టి తెచ్చుకున్న చదువు నాకు గొంతులో ముల్లయిందని, ఆ చిత్తడి నేల మీద నిలబడి ఆయనతో ఎలా అనగలను? చాలా బాగుందండీ అన్నాను. అంతటితో ఆగితే పోయేది. నా కింద పదిమంది పనిచేస్తారని, ఆఫీసులో నాకు విడిగా గది ఉందని, ఇవాళేదో ఊరికే ఇటు వచ్చానని వరసపెట్టి చెప్పేశాను. ఎక్కడా తడబడలేదు. సార్ ముఖం చూస్తుండగానే విప్పారింది. చెయ్యి పట్టుకుని ఓనరు గదిలోకి తీసుకెళ్ళారు.

"మా అమ్మాయండీ. మా దగ్గర చదివింది. ఎంబీఏ. ఎంత పైకొచ్చిందో చూడండి!"

ఓనరు మర్యాదగా లేచి నిలబడి, "మాస్టారు చెబితే ఇంకేం ఆలోచిస్తానండీ," అని నేను చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. ఆ నెల నా టార్గెట్ అక్కడే పూర్తయింది. తిరుగుదారిలో పులిగడ్డ వంతెన దాటేదాకా కూడా ఏడుపు ఆగలేదు. మళ్ళీ ఆయన్ని చూడటానికి వెళ్ళలేదు. వెళ్తే ఆ పదిమందినీ, ఆ గదినీ ఇంకాస్త పెంచి చెప్పాల్సి వస్తుందని.

సార్ పదకొండో రోజుకి బందరు వెళ్ళాను. రెండు గదుల అద్దె వాటా. కూరగాయలు తీసుకుని వస్తూ దారిలో బండి ఆపి, పక్కనున్న అరుగు మీద కూర్చున్నారట. అంతే, మళ్ళీ లేవలేదట. వాళ్ళావిడ ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేరు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందిస్తున్నది వాళ్ళమ్మాయి. నా పేరు చెప్పగానే ఆ పిల్ల గ్లాసులు అక్కడే పెట్టి నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళింది.

"అక్కా, నేనే మీకు ఫోన్ చేద్దామనుకుంటున్నా. నాది బీకాం అయిపోయింది. యూనివర్సిటీలో ఎంకాం సీటు వచ్చింది, గుడివాడలో ఎంబీఏ కూడా వచ్చింది. సోమవారం లోపు ఏదో ఒకదాంట్లో చేరాలి. నాకు లెక్కలంటేనే ఇష్టం. కానీ నాన్న, 'పెడనలో నా స్టూడెంట్ ఉంది, ఎంబీఏ చేసి పైకొచ్చింది. నాకు తెలిసింది పాతకాలం సంగతి, ఆ అమ్మాయిని ఒకమాట అడిగి చేరు' అన్నారు. మీరు చెబితే అందులోనే చేరిపొమ్మన్నారు."

ఆయన నమ్మేశారు. మూడో ఏడాది పిల్లలు దిద్దిన అంకెని చూడగానే పట్టుకునే మనిషి, నా మాట నమ్మి ఇంటికి తీసుకెళ్ళి, కన్నకూతురికి దారిగా చూపించారు. నేను నిజం చెబితే, ఆ వానలో ఆయన చొక్కాలో దాచి తెచ్చిందంతా దండగ అయిపోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల నా వెనకే గుమ్మాలెక్కుతుంది. ముందు గదిలో ఫొటోకి దండ వేసి ఉంది. అటు చూసే ధైర్యం లేకపోయింది.

ఆ పిల్లని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. నా కింద పదిమంది లేరని, నాకు గది లేదని, లెక్కల దగ్గర కూర్చుని ఉంటే బాగుండేదని రోజూ అనుకుంటానని చెప్పాను. ఒరిజినల్స్ సంగతీ, మండలాఫీసు అబద్ధం సంగతీ దాచలేదు. "ఎంకాంలో చేరమ్మా," అన్నాను. అది మధ్యలో ఒక్కసారి కూడా కళ్ళు దించుకోలేదు. అచ్చం వాళ్ళ నాన్నలాగే వింది.

"ఇదంతా నాన్నకి చెప్పలేదా అక్కా?"

"లేదమ్మా. ఆయన బాధపడతారని."

కోపం లేదు ఆ ముఖంలో.

"చెప్పాల్సిందక్కా. ఎంకాం దూరవిద్యలో కట్టొచ్చు కదా. ఎన్నేళ్ళు దాటినా కట్టొచ్చు. నాన్న ఆదివారాలు మా వీధిలో ఇద్దరికి అలాగే పాఠాలు చెప్పారు, ఇద్దరూ పాసయ్యారు. మీకూ చెప్పేవారు."

చెప్పేవారు. పెడన వచ్చి మరీ చెప్పేవారు. ఆయన్ని బాధ పెట్టకూడదని అయిదేళ్ళు తప్పించుకు తిరిగాను గానీ, ఆయనకి మళ్ళీ ఒక స్టూడెంట్ దొరికేదన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.